కొత్త తెల్ల వినైల్ ఫెన్స్: కోటింగ్ వేయించాలా, కడిగితే చాలా?

ప్రశ్న (క్యారీ, నార్త్ కరోలినా)

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో మా పెరడు చుట్టూ ఆరడుగుల తెల్ల వినైల్ ఫెన్స్ వేయించాం. ఎన్నాళ్లుగానో అనుకుని, డబ్బులు కూడబెట్టుకుని చేయించుకున్న పని. మార్చి చివరికల్లా పైన్ చెట్ల పుప్పొడి రాలి మొత్తం పసుపు పూసినట్టయింది. వాన పడిన ప్రతిసారీ కింద జానెడు ఎత్తు వరకు ఎర్రమట్టి చిందుతోంది. చేత్తో తుడిస్తే పైపైన పోతుంది కానీ పలకలు కలిసే గాడిలో ఎర్రటి గీత అలాగే ఉండిపోతోంది.

ఫెన్స్ వేసినవాళ్లు ఏడాదికోసారి సీలర్ కోటింగ్ వేయించుకోమంటున్నారు, చవకేం కాదు. పక్కింటాయన తన ప్రెషర్ వాషర్ ఇస్తానన్నారు. గుంటూరు నుంచి వచ్చి ఉన్న మా నాన్నగారేమో “మన ఊళ్లో గోడకు సున్నం కొట్టించినట్టు దీనికీ ఏటా ఒక కోటు పెయింట్ వేయిస్తే పోలా” అంటున్నారు. కొత్తది పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు (ఆల్ఫరెటా, జార్జియా)

అక్కా, మాదీ ఎర్రమట్టి నేలే, మీ బాధ నాకు బాగా తెలుసు. ముందు ఆ కోటింగ్ మాట పక్కన పెట్టేయండి. వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్. కర్రలాగా నీళ్లు పీల్చదు. ఎండకు తట్టుకోవడానికి టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి తయారీలోనే కలిపేస్తారు. పైన ఇంకో పూత వేసి సాధించేదేమీ లేదు. పెయింటూ వద్దని నాన్నగారికి చెప్పండి. ముదురు రంగైతే వేడి ఎక్కువ లాగి పలకలు వంగిపోతాయి, పైగా వారంటీ కూడా పోవచ్చు.

పుప్పొడిని పొడిగుడ్డతో రుద్దకండి, గాడిలోకి ఇంకా దూరుతుంది. ముందు పైపుతో పైనుంచి కిందికి నీళ్లు కొట్టండి. ఒక బకెట్ గోరువెచ్చటి నీళ్లలో కొంచెం గిన్నెలు తోమే సోప్ కలిపి, కారు కడిగే మెత్తటి బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దండి. పైనుంచి మొదలుపెడితే సబ్బునీళ్లు ఇంకా రుద్దని పలక మీద కారి చారలు కడతాయి. సబ్బు ఆరకముందే కడిగేయాలి. ఎండ నేరుగా పడని వేళ చూసుకోండి.

మట్టి గీతకి మూడు వంతుల తెల్ల వెనిగర్, ఏడు వంతుల నీళ్లు కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మట్టి తడిగా ఉన్నప్పుడే కడిగితే అసలు ఇంత శ్రమే ఉండదు. స్టీల్ పీచు, గరుకు పౌడర్లు వద్దే వద్దు. గీతలు పడితే ప్రతి గీతలోనూ మురికి చేరుతుంది. థిన్నర్, అసిటోన్ అయితే వినైల్‌నే కరిగిస్తాయి.

ప్రెషర్ వాషర్ వాడాల్సి వస్తే వెడల్పుగా చిమ్మే నాజిల్ పెట్టి, దూరంగా నిలబడి, తక్కువ ప్రెషర్‌తో కొట్టండి. సందుల్లోకి గురిపెట్టకండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. నీడ వైపు పచ్చటి పాచి పడితే బాగా పలచన చేసిన బ్లీచ్ వాడొచ్చు, కానీ బ్లీచ్‌నీ వెనిగర్‌నీ ఎప్పుడూ కలపకండి. విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ)

కడగడం గురించి తమ్ముడు అంతా చెప్పాడు. నేను అడిగేది ఒకటే: ఫెన్స్ మొదట్లో చెక్కపొట్టు మల్చ్ (నేల మీద పరిచే పొర) పోశారా? పోస్తే ఇప్పుడే తీసేయించండి. అందులో ఆర్టిలరీ ఫంగస్ అనే శిలీంధ్రం ఒకటి పెరుగుతుంది. వెలుతురు వైపు గురిపెట్టి తన బీజాలను చిమ్ముతుంది, తెల్లటి గోడలూ కంచెలూ దానికి ఇష్టం. ఇరవై అడుగుల దూరం దాకా పడతాయి. ఆవగింజలో సగం ఉండే నల్లటి చుక్కలు, తారులా అంటుకుంటాయి. గోటితో గీకితే చుక్క ఊడినా గోధుమరంగు మచ్చ మిగులుతుంది. మా ఫెన్స్‌కి సబ్బు, వెనిగర్, బ్లీచ్ అన్నీ ప్రయత్నించాం, దేనికీ లొంగలేదు. తర్వాత మల్చ్ తీయించి అడుగు వెడల్పున గులకరాళ్లు పోయించాం. మీకు దాంతో ఎర్రమట్టి చిందడం కూడా తగ్గుతుంది. గడ్డి కోసేవాళ్ల ట్రిమ్మర్ తీగ ఫెన్స్ పోస్టులకు (స్తంభాలకు) తగిలి గాట్లు పడే బాధా ఉండదు.

జవాబు (ఫ్రిస్కో, టెక్సస్)

బార్బెక్యూ గ్రిల్ ఫెన్స్‌కి దూరంగా పెట్టండి. 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే వినైల్ మెత్తబడుతుంది. పక్కింటి డబుల్ పేన్ (రెండు పొరల) కిటికీ అద్దాల నుంచి ఎండ తిరిగి పడే చోట కూడా వంగిపోవచ్చు. మధ్యాహ్నం ఒకసారి చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. కోటింగ్ వద్దని చెప్పేశాం. పొద్దున నాన్నగారు, నేను ఒక ప్యానెల్ కడిగాం, వెనిగర్‌తో గాడిలో గీత దాదాపు పోయింది. మల్చ్ ఉంది, ఈ వారాంతం తీయిస్తాం. చివరగా ఒక్కటి: పోస్టుల మీద బార్‌కోడ్ స్టిక్కర్లు పీకితే జిగురు మిగిలింది, దుమ్ము పట్టి నల్లబడుతోంది. దానికేం చేయాలి?

జవాబు (ఆల్ఫరెటా)

మెడికల్ షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ గుడ్డకి అద్ది మెల్లగా తుడవండి, తర్వాత సబ్బునీళ్లతో కడిగేయండి. ముందు ఎవరికీ కనబడని మూల ఒకసారి చూసుకుని మొదలుపెట్టండి. ప్యానెళ్ల మీద ప్లాస్టిక్ ఫిల్మ్ ఏమైనా మిగిలి ఉంటే ఎండలు ముదరకముందే పీకేయండి, ఎండకు మాడితే ముక్కలు ముక్కలుగా తప్ప ఊడదు.