పని గంటలు పెంచుకుంటే చేతికొచ్చేది ఎందుకు పెరగదు?

ప్రశ్న: జర్మనీ, జపాన్ వంటి దేశాల్లో పెళ్లయిన స్త్రీలు చాలామంది పార్ట్‌టైమ్ ఉద్యోగంలోనే ఉండిపోవడానికి పిల్లల పెంపకమే కారణమని చెబుతుంటారు. పిల్లలు ఎదిగాక కూడా గంటలు పెంచుకోని వారి విషయంలో పన్నులు, సంక్షేమ నిబంధనల పాత్ర ఎంత?

మొదటి సమాధానం: చాలా ఉంది. జర్మనీలో 1958 నుంచి భార్యాభర్తల ఆదాయాలను కలిపి, అందులో సగంపై పన్ను లెక్కగట్టి, దాన్ని రెట్టింపు చేసే పద్ధతి ఉంది. ఇద్దరి సంపాదనల మధ్య తేడా పెరిగేకొద్దీ కుటుంబానికి పన్ను ఆదా కూడా పెరుగుతుంది కాబట్టి, తక్కువ సంపాదించే వ్యక్తి, అంటే ఎక్కువ ఇళ్లలో భార్య, ఒంటరిగా ఉంటే పన్నే పడని ఆదాయంపై కూడా భర్త స్థాయి రేటు పడినట్లవుతుంది. దీనికి 'మినీజాబ్' అనే తక్కువ జీతపు చిన్న ఉద్యోగ పద్ధతి తోడైంది. నెలకు నిర్ణీత పరిమితి (2025లో 556 యూరోలు) లోపు సంపాదిస్తే ఆ ఉద్యోగంపై ఆమె సాధారణంగా ఆదాయపు పన్ను గాని, ఆరోగ్య బీమా చందా గాని కట్టనక్కర్లేదు. ఆ గీత దాటితే రెండూ మొదలవుతాయి.

రెండో సమాధానం: పన్ను కంటే బీమా చందాయే గట్టి అడ్డంకి అని నా అభిప్రాయం. జపాన్‌లో కంపెనీ ఉద్యోగి భార్య ఏడాది సంపాదన 13 లక్షల యెన్‌ల లోపు ఉంటే, భర్తపై ఆధారపడిన వ్యక్తిగా పరిగణించి ఆమెకు పింఛను, ఆరోగ్య బీమా చందాలు లేకుండా చేస్తారు (పెద్ద సంస్థల్లో అంతకంటే ముందే చందా మొదలవుతుంది). పన్ను పెరిగిన ఆదాయంపైనే పడుతుంది గాని, చందా మొత్తం జీతంపై పడుతుంది. అందుకే గీత కాస్త దాటిన ఆమె ఎక్కువ పనిచేసి తక్కువ ఇంటికి తెస్తుంది. ఏడాది చివర్లో గంటలు తగ్గించుకునే వారిని బద్ధకస్తులనడం అన్యాయం.

ప్రశ్న అడిగినవారు: అయితే ఎవరి పన్ను వారికి లెక్కిస్తే సరిపోతుందా?

మూడో సమాధానం: స్వీడన్ 1971లో ఆ మార్పు చేసి, దానితోపాటు శిశు సంరక్షణ కేంద్రాలనూ విస్తరించింది. ఆ రెండోది లేకపోతే ఫలితం సగమే. బ్రిటన్‌లో 1990 నుంచి పన్ను విడివిడిగానే ఉన్నా, తక్కువ ఆదాయ కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే సాయమైన యూనివర్సల్ క్రెడిట్ మాత్రం ఇంటి ఉమ్మడి ఆదాయాన్ని చూస్తుంది. సాయంలో కోత లేకుండా సంపాదించుకోగల మినహాయింపు మొత్తం భర్త సంపాదనతోనే ఖర్చయిపోయిన ఇంట్లో, భార్య చేతికొచ్చే ప్రతి పౌండుకూ 55 పెన్స్ సాయం కోతపడుతుంది. శిశు సంరక్షణ రుసుములో ఆమె భరించవలసిన వాటా ఆపైన. ఇవాళ చందా తప్పినందుకు సంతోషించిన ఆమెకు వృద్ధాప్యంలో లేదా విడాకుల తర్వాత వచ్చే సొంత పింఛను చిన్నదిగానే ఉంటుందన్న సంగతిని కూడా ఈ లెక్కలో చేర్చి చూడాలి.