అప్‌డేట్: అక్టోబర్‌లో ఐలా దీవి, బాతులు కనిపించాయి

గ్రీన్‌లాండ్ నుంచి వలస వచ్చే బార్నకిల్ పెద్దబాతుల కోసం స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో ఎక్కడ, ఏ వేళకి నిలబడాలని ఆగస్టులో అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది "పొద్దుగూకే వేళకి లాఖ్ గ్రూనార్ట్ దగ్గరుండండి" అన్న మాట. దీవిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. పగలంతా పొలాల్లో మేసిన గుంపులు రాత్రికి అక్కడి బురదనేలల మీద దిగుతాయి. ముందు దూరంగా కుక్కపిల్లలు మొరిగినట్టు అరుపులు, కాసేపటికి ఆకాశం నిండా నల్లటి గీతలు. మా అమ్మాయి రెండొందల దగ్గర లెక్కపెట్టడం మానేసింది.

ముఖానికి కొన్న దోమవలలు దండగ. ఆ చలిగాలిలో మిడ్జ్‌లు (కుట్టే చిన్న ఈగలు) ఒక్కటీ లేవు. టెలిస్కోప్ కూడా అక్కర్లేదు, 8×42 బైనాక్యులర్ చాలు. ఫెర్రీ రద్దవుతుందేమోనని ఊరికే టెన్షన్ పడ్డాం, అవతలి ఒడ్డున ఉన్న కెనాక్రెయిగ్ రేవు నుంచి సుమారు 2 గంటల్లో దింపేసింది.

నీటికుక్క మాత్రం కనిపించలేదు. తడిరాయి మీద దాని పెంట చూసి తృప్తిపడ్డాం.