పని వచ్చు, నేర్పడం రాదు. కుర్రాణ్ణి పక్కన పెట్టుకోవాలా వద్దా?

గట్టుమీద మనిషి, మొగల్తూరు వైపు

అందరికీ నమస్కారం అండి. రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌ని. ఈ పనిలో 18 ఏళ్లయింది. ఫిషరీస్ డిప్లొమా అయిన ఒక కుర్రాణ్ణి మా రైతుగారు నా దగ్గరకు పంపిస్తానంటున్నారు. "రెండు పంటలు నీ పక్కన తిప్పుకో, తర్వాత నాలుగు చెరువులు వాడికి అప్పజెప్దాం" అన్నారు. కాదనలేను. సరేననడానికి ధైర్యం చాలట్లేదు.

నాలుగేళ్ల కిందట ఒకణ్ణి ఇలాగే తీసుకున్నాను. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు, ఎదురు ప్రశ్న వేసేవాడు కాదు. మంచి కుర్రాడు దొరికాడని మురిసిపోయాను కూడా. ఒక రోజు పగలంతా మబ్బు. రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ వేశాడు, అంతవరకూ బాగానే ఉంది. రెండు గంటలప్పుడు, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఎనిమిదిలో నాలుగు ఆపేశాడు. ఎందుకురా అంటే, "డీజిల్ దుబారా చెయ్యొద్దని మొన్న మీరే అన్నారు కదండీ" అన్నాడు.

నిజమే, అన్నాను. కానీ నేనన్నది పగటిపూట సంగతి. ఎండ ఉన్నంతసేపూ నీళ్లలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే పచ్చదనం ఆక్సిజన్ తినేస్తుంది. తెల్లారగట్ల మూడు నుంచి ఐదు మధ్య చెరువులో ఊపిరి అడుగంటుతుంది, మబ్బు రోజైతే మరీను. ఇదంతా నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఇంకొకడికి విడమరిచి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. నేను పరిగెత్తుకెళ్లేసరికి రొయ్య గట్టు వెంబడి పైకి తేలి కొట్టుకుంటోంది. మీటర్ పెడితే ఆక్సిజన్ 2 పీపీఎం కూడా లేదు. 4కి తగ్గకూడదు. అర్జంటుగా 90 కౌంట్‌లోనే, అంటే కిలోకి 90 రొయ్యలు తూగే సైజులోనే పట్టేశాం. ఇంకో నెలన్నర ఆగుంటే 50కి వచ్చేది. గట్టు మీద కూలీలందరి ముందూ వాణ్ణి తిట్టాను. వారం తిరక్కుండా మానేశాడు. తప్పు సగం పైన నాదేనని తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

నాకు నేర్పిన పెద్దాయన టైగర్ రొయ్య పెంచిన రోజుల మనిషి. ఆయనా ఏదీ చెప్పేవారు కాదు. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి లాగి, ఒక రొయ్యని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవారు. వీపు మీద పేగు గీత నిండుగా ఉంటే "ఊఁ". మధ్యలో తెగి ఉంటే "ఊహూఁ". ఆ రెండు శబ్దాల మధ్య మూడేళ్లు చదువుకున్నాను నేను. 2009లో వనామి రకం రొయ్యకి అనుమతి వచ్చాక మా వైపు కూడా టైగర్ పోయి అదే దిగింది. టైగర్ అడుగున తిరిగేది, వనామి నీళ్లంతా తిరుగుతుంది. పిల్ల ఎక్కువ వెయ్యొచ్చు, మేత లెక్క వేరు, అన్నీ మారిపోయాయి. ఆ పెద్దాయనే ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ వనామి గురించి ఆ కాగితంలో ఏం రాశారో చదివి చెప్పరా" అన్నారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదండి.

మొన్న ఆదివారం ఈ కొత్త కుర్రాడు చూసి వెళ్దామని వచ్చాడు. వస్తూనే, "అమావాస్యకి మేత ఎందుకు తగ్గిస్తారండీ?" అన్నాడు. "పెద్దలు చెప్పారు" అన్నాను. వాడు తలూపాడు గానీ, నాకే సిగ్గేసింది. ఇలాంటి నేను ఒకడికి గురువేంటి? మీలో ఎవరైనా పని నేర్పినవాళ్లుంటే, ఎలా నేర్పారో చెప్పండి. ఇంకో మాట, ఇంత నేర్పాక వాడు మేత కంపెనీలో ఉద్యోగానికి పోతే మనం చేసిందానికి అర్థమేంటి?

అంటుమామిడి, కడియం

తమ్ముడుగారూ, నాది నర్సరీలో అంట్లు కట్టే పని. నా చేతి కింద పదకొండు మంది ఆడపిల్లలు నేర్చుకున్నారు. అందులో ఒక పిల్ల గురించి చెప్తాను.

మామిడి అంటు కట్టేటప్పుడు టెంక మొక్క తల కోసి, మధ్యలో చీల్చి, మనకి కావాల్సిన రకం చెట్టు పుల్లని రెండు వైపులా ఏటవాలుగా చెక్కి అందులో దిగేస్తాం. తొక్క కింద పచ్చటి పొర ఒకదానికొకటి ఒక పక్కనైనా కచ్చితంగా ఆనాలి. ఆ పైన టేపు బిగించి కట్టేస్తాం. ఈ పిల్ల కట్టినవి వందకి ముప్పై కూడా బతికేవి కాదు. నేనేమో రోజూ "చెయ్యి తిన్నగా పెట్టవే" అని కసురుకునేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. ఆ పిల్ల స్పూను ఎడమ చేత్తో పట్టుకుని పెరుగు వేసుకుంటోంది. అప్పుడు వెలిగింది నాకు. పుట్టు ఎడమచేతి వాటం పిల్లకి నేను నాలుగు నెలలుగా నా కుడిచెయ్యి నేర్పుతున్నాను! చాకు ఎడమ చేతికి ఇచ్చి, నేను పక్కన కాకుండా ఎదురుగా కూర్చున్నాను, అద్దంలో చూసినట్టు ఉంటుందని. నెల తిరిగేసరికి నాకంటే సన్నగా చెక్కడం మొదలుపెట్టింది.

ఇంకోటి. చచ్చిపోయిన అంట్లు పారేయకండి అని చెప్తాను నేను. మూడు వారాలయ్యాక ఎండిపోయినవన్నీ ముందేసుకుని, టేపు విప్పి, ఇద్దరం కలిసి చూస్తాం. కోత మీద నల్లటి గీత ఉంటే చాకుకి పదును లేదు, లేదా చెక్కాక ఆలస్యం చేశారు. తడిగా కుళ్లితే టేపు వదులై నీళ్లు దిగాయి. తిట్టక్కర్లేదండి, అంటే చెప్తుంది. మీ చెరువులో కూడా చెడిపోయిన పంట లెక్కలు ఉంటాయి కదా. ఆ 90 కౌంట్ రాత్రి సంగతి కుర్రాడికి మొదటి రోజే చెప్పండి, మీ తప్పుతో సహా.

కొబ్బరిబొండాం, అమలాపురం

ఆయ్, అందరూ మంచి మాటలే చెప్తారు. నేను చేదు మాట చెప్తాను బాబాయ్. మా షెడ్డులో మోటార్లు చుట్టడం ముగ్గురికి నేర్పాను. ముగ్గురూ నా షాపుకి రెండు వీధుల అవతలే షాపులు పెట్టారు. కాబట్టి ముందు మీ రైతుగారితో డబ్బు మాట్లాడుకోండి. కుర్రాడికి మొదటి నెల నుంచీ జీతం ఉండాలి, నేర్పినందుకు మీకూ ఎంతో కొంత ఉండాలి. ఫ్రీగా నేర్పితే మీకు విసుగొస్తుంది, ఆ విసుగు వాడి మీద పడుతుంది.

పోతే పోనీ అనుకోగలిగితేనే మొదలుపెట్టండి. అన్నట్టు ఆ ముగ్గురిలో ఒకడు, తనకి తెలియని పంపు వస్తే ఇప్పటికీ నా దగ్గరకే పంపిస్తాడు. నేనూ వాడి దగ్గరకి పంపిస్తాను. అది వేరే సంగతి.

రిటైర్డ్ మేష్టారు, భీమవరం

బాబూ, ముందు ఆ అమావాస్య సంగతి తేల్చేద్దాం. అమావాస్యకీ పౌర్ణమికీ చెరువులో ఎక్కువ రొయ్య ఒకేసారి పెంకు వదలడం మీ అందరూ చూసేదే. పెంకు వదిలే రొయ్య మేత ముట్టదు. మీరు మామూలుగా వేసేస్తే తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెంచుతుంది, ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే రొయ్యకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. కొత్త పెంకు గట్టిపడటానికి కాల్షియం, మెగ్నీషియం కావాలి, అందుకే మినరల్స్ చల్లుతారు. మెత్తగా ఉన్నదాన్ని గట్టిగా ఉన్నవి పీక్కుతింటాయి కూడా. మీ పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైనదే. కారణం ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు.

కుర్రాడి ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేకపోవడం తప్పు కాదు. "తెలీదు, కనుక్కుందాం" అనకపోవడం తప్పు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఆ మాట నోటంట రావడానికి నాకు పదేళ్లు పట్టింది. ఉండిలో ఫిషరీస్ పరిశోధన కేంద్రం ఉంది, మీకు దూరమేమీ కాదు. ఇద్దరూ ఒక బండి మీద వెళ్లి అడగండి. గురువు కూడా వెళ్లి అడుగుతాడని కుర్రాడు కళ్లారా చూస్తే, వాడికి రేపు అడగడానికి మొహమాటం ఉండదు.

ఆ పాత కుర్రాడు చెప్పింది చెప్పినట్టు చేశాడని మురిసిపోయానన్నారు చూశారా, నాకు అక్కడే భయమేసింది. కొత్తవాడు అడుగుతున్నాడు. వదులుకోకండి.

గట్టుమీద మనిషి

అందరికీ దండాలండి. కడియం అక్కగారూ, మీ ఎడమచేతి పిల్ల సంగతి చదివి మా ఆవిడకి కూడా వినిపించాను. బొండాం గారూ, జీతం మాట నిన్ననే మాట్లాడాను. కుర్రాడికి ఒప్పుకున్నారు. నాది "పంట పట్టాక చూద్దాం" అన్నారు, అంటే మీకు తెలుసుగా.

మేష్టారూ, కుర్రాడికి ఫోన్ చేసి మీరు చెప్పింది చెప్పాను. అంతా విని, "అయితే మేత ఎంత తగ్గించాలండీ? చెక్ ట్రే చూసి తగ్గించాలా, తిథి చూసి తగ్గించాలా?" అన్నాడు. నేను 18 ఏళ్లుగా తిథి చూసే తగ్గిస్తున్నాను. మొదట కోపం వచ్చింది, అబద్ధమెందుకు. తర్వాత అనుకున్నాం, ఈసారి రెండు చెరువుల్లో ఒకదానికి పంచాంగం, ఒకదానికి ట్రే. నోట్‌బుక్ వాడు రాస్తాడు. అమావాస్య రాత్రి పదకొండుకి గట్టు మీదకు రమ్మన్నాను. టార్చిలైటు కొనుక్కోమన్నాను, డబ్బులు నేనే ఇచ్చాను.

ఆ పాత కుర్రాడి నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది. ఆకివీడు దగ్గర చేపల చెరువుల మీద చేస్తున్నాడని విన్నాను. చెయ్యాలో వద్దో తెలీట్లేదు.