వేసవి జాతర వేదిక మీద లైవ్ ఆర్కెస్ట్రానా, ట్రాకులా? పద్యనాటకానికి ఏ గంట ఇవ్వాలి?

చలువపందిరి:
మే రెండో వారంలో అమ్మవారి జాతర. మూడు రాత్రులు, ఒకటే వేదిక, రాత్రికి రెండు వేల దాకా జనం. కమిటీ రెండుగా చీలింది. ఒక పక్షం మొదటి రెండు రాత్రులూ పూర్తి లైవ్ ఆర్కెస్ట్రా అంటోంది. రెండో పక్షం నలుగురు గాయకులు ట్రాకుల మీద, అంటే ముందే రికార్డు చేసిన వాద్యాల మీద పాడితే చాలు, మిగిలిన డబ్బుతో బుర్రకథ, పద్యనాటకం, మిమిక్రీ మూడూ వస్తాయంటోంది. రికార్డింగ్ డాన్స్ వద్దని ముందే తేల్చేశాం, దాని మీద ఇక్కడ మాట వద్దు. రాత్రి పదికి మైకు కట్టేయాలి. మధ్యలో ఖాళీలకు బుర్రకథని ఫిల్లర్‌గా వాడదామని కూడా ఒక ఆలోచన ఉంది. పని తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

ఫేడర్:
నేను ట్రాకుల వైపే. లైవ్ అంటే ఇష్టం లేక కాదు. లైవ్‌కి కావాల్సిన సెట్టు గురించి బయానా ఇచ్చే రోజున ఎవరూ మాట్లాడుకోరు, ఆ లోటంతా ఆ రాత్రి జనం చెవుల మీద పడుతుంది.

ఎనిమిది మంది వాద్యకారుల లెక్క వేసుకోండి. కీబోర్డులు రెండు, స్టీరియోలో తీసుకుంటే మిక్సర్‌లో నాలుగు లైన్లు, అంటే నాలుగు చానళ్లు. ప్యాడ్స్‌కి (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) రెండు. తబలాకి రెండు మైకులు, డోలక్‌కి రెండు. బేస్, లీడ్ గిటార్, ఫ్లూట్ ఒక్కొక్కటి. గాయకులు నలుగురు, యాంకర్ ఒకరు. మొత్తం 18. ఊళ్లో దొరికే సెట్టులో మిక్సర్‌కి 12 చానళ్లు, మహా అయితే 16. అప్పుడు తబలాకి ఒకే మైకు పెడతారు, డగ్గా (ఎడమచేతి పెద్దది) వినపడదు. రెండు కీబోర్డులూ ఒకే లైనులో కలిపేస్తారు, ఒకరిని పెంచితే ఇద్దరూ పెరుగుతారు. ఫ్లూట్ ఆయన గాయకుడి మైకు దగ్గరకొచ్చి వాయించి వెళ్తుంటాడు.

మానిటర్ల సంగతి, అంటే వాద్యకారులకి వినపడటానికి వేదిక మీద వాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్ల సంగతి ఇంకా ముఖ్యం. అంతమందికీ కలిపి రెండే పెడితే డోలక్ ఆయనకి పాట వినపడదు. వినపడక గట్టిగా కొడతాడు. ఆ మోతలో గాయకుడికి శ్రుతి అందదు, మైకు పెంచమని సైగ చేస్తాడు, పెంచగానే స్పీకర్లలో కుయ్యిమని కూత మొదలవుతుంది. నాలుగు మానిటర్లు, వాటికి మిక్సర్ నుంచి నాలుగు వేర్వేరు లైన్లు (ఆక్స్) లేకుండా ఎనిమిది మందిని వేదిక ఎక్కించొద్దు. మానిటర్‌ని మైకు తోక వైపు పెట్టాలి, మామూలు పాట మైకు అటు నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువ పట్టుకుంటుంది. మైకు తలని గుప్పిట్లో మూసి పట్టుకుంటే ఆ గుణం పోతుంది, అప్పుడు ఎంత మంచి సెట్టయినా కూత పెడుతుంది. కీబోర్డు నుంచి మిక్సర్ దాకా పాతిక మీటర్లు మామూలు తీగ లాగితే గుయ్యిమని హమ్ వస్తుంది కాబట్టి ఒక్కో కీబోర్డుకీ ఆ హమ్ రాకుండా చూసే డీఐ బాక్సు ఉండాలి.

ట్రాకులైతే ట్రాకుకి రెండు, గొంతులకి ఐదు, ఏడు చానళ్లతో అయిపోతుంది. జాగ్రత్తలు మూడే. ఫోన్లో వేస్తే ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే పాట మధ్యలో ఎవరిదో కాల్ స్పీకర్లలో మోగుతుంది. అవే ఫైళ్లు ఇంకో ఫోన్లో కూడా ఉండాలి. ఎవరి శ్రుతికి తగ్గట్టు వాళ్ల ట్రాకు ముందురోజే మార్చి దాచుకోవాలి. రెండు మూడు మెట్ల కన్నా ఎక్కువ జరిపితే ట్రాకు గొంతు మారిపోయి వినడానికి వికారంగా ఉంటుంది.

ఆఖరివరస:
ఫేడర్ గారూ, మీ లెక్క ఎనిమిది మందికి సరిపోయింది. కానీ ఎనిమిది మంది ఎందుకు? ఒక కీబోర్డు, ప్యాడ్స్, తబలా డోలక్ రెండూ వాయించే ఒక్కరు, ఫ్లూట్. గాయకులు ముగ్గురు, యాంకర్. చానళ్లు రెండు, రెండు, రెండు, ఒకటి, మూడు, ఒకటి. పదకొండు. మీ 12 చానళ్ల మిక్సర్‌లోనే సరిపోయింది. బేస్ కీబోర్డు ఎడమచేత్తో వస్తుంది.

ట్రాకు చేయలేనిది ఒకటి ఉంది. గాయకుడు చరణం అర ఆవర్తం ముందు ఎత్తుకున్నాడనుకోండి, ట్రాకు ఆగదు, పాట చివరిదాకా తప్పే. కీబోర్డు మీద మనిషుంటే రెండు తాళాల్లో సర్దేస్తాడు, జనానికి తెలియను కూడా తెలియదు. వన్స్‌మోర్ అంటే ట్రాకు మళ్లీ మొదటి నుంచి వెయ్యాలి, లైవ్‌లో ఆ చరణం ఎత్తుకుంటే చాలు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ అర నిమిషంలో డోలక్ మోగుతూనే ఉంటుంది, జనం లేవరు. రెండు వేల మంది ఒక్కసారి చీకట్లో లేవకుండా ఉండటం చిన్న విషయం కాదు.

కాటిసీను:
అందరూ ఆర్కెస్ట్రా గురించే మాట్లాడుతున్నారు. నాటకం పేరు అడ్డం పెట్టుకుని డబ్బు మిగులు లెక్క వేయడం మాత్రం కనిపిస్తోంది. ఇన్నేళ్లుగా ఊళ్లలో జరిగే అన్యాయం ఇదే: ఆర్కెస్ట్రా ఏడింటికి, నాటకం "ఆ తర్వాత". పదికి మైకు ఆగాలన్నప్పుడు "ఆ తర్వాత" అంటే లేనట్టే.

తెల్లవార్లూ ఆడే నాటకం ఇప్పుడు అడగడం లేదు. సీన్లుగా పెట్టుకోండి. కృష్ణుడి పడక సీను, రాయబారం, హరిశ్చంద్రుడి వారణాసి, కాటి సీను. రెండు సీన్లకి రెండున్నర గంటలు ఇస్తే పద్యం తొక్కకుండా పాడొచ్చు. మేలో పొద్దు ఆరున్నర దాటాక గుంకుతుంది. ఏడింటికి తెర లేస్తే తొమ్మిదిన్నరకి మంగళం. దానికి నాలుగున్నరకే మేకప్ మొదలవ్వాలి, అది రేకుల షెడ్డులో కుదరదు. రంగు చెమటకి కరిగి కిరీటం కింద నుంచి కారుతుంది. స్లాబు కింద ఒక గది, రెండు ఫ్యాన్లు, అద్దం, నీళ్లు. ఇంతకన్నా ఏమీ అడగరు కళాకారులు.

ఇప్పుడు మైకు. పద్యం చివర ఆలాపనలో గొంతు పై షడ్జమం (పై స్థాయి స) దాటేటప్పుడు అనుభవమున్న నటుడు మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ అడుగుతోనే శబ్దం ఎంత వెళ్లాలో ఆయన కొలుస్తాడు. సినిమా పాటలకి అలవాటుపడిన సౌండ్ మనిషి ఇక్కడ శబ్దం తగ్గిందనుకుని పైకి తోస్తాడు. ఆయన రాగం దించుతూ మళ్లీ ముందుకు వచ్చేసరికి మొత్తం పగిలిపోతుంది. నాటకానికి మిక్సర్‌లో శబ్దం పెంచే మీట (ఫేడర్) మీద చెయ్యి వేయకుండా కూర్చోగలిగేవాడు కావాలి. ఎకో పూర్తిగా తీసేయాలి, లేకపోతే సమాసాలు ఒకదాని మీద ఒకటి పడి పద్యంలో మాట అర్థం కాదు.

కాలర్ మైకులు గుండెల మీద పెట్టొద్దు, కంఠహారాలు తగిలి గరగరలాడతాయి. విగ్గు అంచున నుదుటి దగ్గర కానీ, చెంప పక్కగా కానీ అతికించాలి. హార్మోనియం మైకు రీడ్ల వైపు ఉండాలి, తిత్తి వైపు పెడితే గాలి ఊపిరే వినిపిస్తుంది. ఒకరు ఐదు శ్రుతిలో పాడితే ఇంకొకరు ఐదున్నరలో పాడతారు కాబట్టి హార్మోనిస్టుకి నటుల గొంతు వినపడే మానిటర్ ఒకటి తప్పనిసరి. సురభి నాటక సమాజం వాళ్లలా ట్రిక్కు సీన్లు కావాలని మాత్రం అడగకండి. 1885 నుంచి ఆ కుటుంబాలు చేతిలో పెట్టుకున్న విద్య అది, దానికి తెరలు, తీగలు, పైన ఎత్తు కావాలి. షామియానా కింద కుదరదు.

గుమ్మెట:
చలువపందిరి గారూ, బుర్రకథని "ఫిల్లర్" అన్నారు. 1986లో బుర్రకథకుడు షేక్ నాజర్ గారికి పద్మశ్రీ తెచ్చిన కళ. దయచేసి ఆ మాట మీ కాగితాల్లోంచి తీసేయండి.

పని విషయానికి వస్తే, ముగ్గురే మనుషులు, కానీ ముగ్గురూ కదులుతూనే ఉంటారు. కథకుడు తంబుర భుజాన వేసుకుని, చేతిలో అందెలు మోగిస్తూ ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తాడు. వంతపాడే ఇద్దరూ గుమ్మెటలు అనే చిన్న డోళ్లతో అతని వైపు తిరిగి తందాన అంటారు. మూడు స్టాండు మైకులు పాతితే ఆట చచ్చిపోతుంది, తీగల మైకులిస్తే అడుగుల్లో చుట్టుకుంటాయి. ముగ్గురికీ చెంప మైకులు, గుమ్మెటల కోసం వేదిక అంచున నేల మీద ఒక మైకు. పలకలు బోలుగా ఉంటే అడుగుల చప్పుడు ఆ మైకులోకే పోతుంది, కింద గోనెసంచులు పరిచి పైన జంపఖానా వెయ్యాలి. గంటన్నర కథకి గంటన్నర ఇవ్వండి. అరగంటలో ముగించమంటే యుద్ధఘట్టం మాత్రమే మిగులుతుంది. కరుణ రసం, వంతాయన హాస్యం రెండూ పోతాయి. ఖాళీ నింపడానికి మిమిక్రీ ఉంది. ఒక్క మనిషి, ఒక్క మైకు, తెర ముందు పదిహేను నిమిషాలు. వెనక సామాను మారేలోపు అయిపోతుంది.

ఖర్చులపద్దు:
కాగితాల సంగతి కూడా చూడండి. శబ్దకాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్ వేయకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా పండగ రోజులకి అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ఆ రోజుల్లో మీ జాతర ఉందో లేదో ముందు కనుక్కోండి. స్టేషన్‌లో అనుకుని వచ్చేస్తే సరిపోదు, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించి ఉండొచ్చు. ఇళ్ల మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్, మైదానం హద్దు దగ్గర దానికి పది కలిపి 65 దాటకూడదు.

జనరేటర్: 62.5 కేవీఏది ముప్పావు లోడు మీద నడిస్తే గంటకి పది పన్నెండు లీటర్ల డీజిల్. నాలుగు గంటలకి యాభై లీటర్లు అనుకోండి. నడుస్తుండగా పోయకూడదు, సాయంత్రమే నింపాలి. లైట్లకీ సౌండ్‌కీ వేర్వేరు ఫేజులు. ఎర్తు గుంత సరిగ్గా వేసి, బోర్డులో 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి. ఇనుప వేదిక, దుమ్ము లేవకుండా చల్లిన నీళ్లు, చెమట చేతుల్లో గిటార్. ఎర్తు లేకపోతే మొదట షాక్ కొట్టేది పెదవి మైకుకి తగిలినప్పుడే.

ఫేడర్:
ఆఖరివరస గారి పదకొండు చానళ్ల లెక్క ఒప్పుకుంటున్నా. మానిటర్లు మూడుకి తగ్గకపోతే లైవ్‌కే నా ఓటు. ఒక షరతు: సౌండ్ చెక్ ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపల. సాయంత్రం నాలుగింటికి పెడితే కీబోర్డు నల్ల ఒళ్లు పెనంలా కాలుతుంది, తెర మసకబారుతుంది, ఆంప్లిఫయర్ వేడికి తనంతట తనే ఆగిపోతుంది. డిజిటల్ మిక్సర్ అయితే సెట్టింగులన్నీ (సీన్ అంటారు) సేవ్ చేసుకోండి, అనలాగ్ అయితే ఫేడర్ల పక్కన టేపు అంటించి గీతలు పెట్టుకోండి. వేడికి తబలా పుడ (పైన చర్మం) బిగిసి శ్రుతి పైకి పోతుంది కాబట్టి ఆరున్నరకి ఇంకో పది నిమిషాలు తబలాకీ గొంతులకీ ఇవ్వాలి.

ఖర్చులపద్దు గారి 65 మాట తేలిక కాదు. ఆరుబయట దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. ఇరవై మీటర్ల దగ్గర 84 ఉంటే నలభైకి 78, ఎనభైకి 72. కాబట్టి వేదిక దగ్గర స్పీకర్లని రెండు కొండలుగా పేర్చి మోగించే బదులు, ముందు వరసకి చిన్న జత, 35 మీటర్ల దగ్గర ఇంకో జత పెట్టి, రెండూ కిందికి వంచండి. వేదిక శబ్దం అక్కడికి చేరే దాకా ఆగేలా రెండో జతకి ఆలస్యం పెట్టాలి. 35 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకి 352 మీటర్లు పోతుంది, అంటే ఆ జతకి 100 మిల్లీసెకన్లు. అది పెట్టకపోతే వెనక వాళ్లకి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. ఇంకొకటి, పొద్దుపోయాక నేల చల్లబడి పైగాలి వేడిగా ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి పక్క ఊరి దాకా పోతుంది. ఏడింటికి పెట్టిన బేస్ తొమ్మిదింటికి అలాగే ఉంచొద్దు.

సిర్రపుల్ల:
వేదికలో పడి అసలు జాతరని మరిచిపోవద్దు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, రోజుకో వేషం, ఊరే ఆడుతుంది. మీ ఊళ్లో గరగ నృత్యమో కోలాటమో వీధిలో తిరిగే వేళ వేదిక మైకు మూసి ఉంచండి, రెండూ కలిస్తే అడుగు తప్పుతుంది. డప్పుల కోసం వరిగడ్డి మంట వేయడానికి జాగా చూపించండి. చర్మం కాగి బిగుసుకుంటేనే సిర్ర (సన్న పుల్ల) దెబ్బకి పలుకుతుంది. ఆ మంట షామియానాకీ డీజిల్‌కీ దూరంగా, గాలి వాలుకి కింద ఉండాలి, పక్కన రెండు బిందెల నీళ్లు.

చలువపందిరి:
"ఫిల్లర్" మాట తీసేశాను, గుమ్మెట గారు మన్నించాలి. ఇప్పటికి ఇలా అనుకుంటున్నాం. మొదటి రాత్రి ఏడింటికి పద్యనాటకం రెండు సీన్లు. రెండో రాత్రి బుర్రకథ గంటన్నర, మిమిక్రీ, తర్వాత గంట పాటలు ట్రాకుల మీద. మూడో రాత్రి ఊరేగింపు గుడికి చేరాక నలుగురు వాద్యకారుల లైవ్. పూర్తి ఆర్కెస్ట్రా పక్షం ఇంకా ఒప్పుకోలేదు. మొదటి రాత్రి నాటకానికి జనం రారంటున్నారు.

కాటిసీను:
వస్తారు, ఎవరు ఏ పాత్రో కరపత్రంలో వేయండి. "పౌరాణిక నాటకం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఎవరూ రారు. కృష్ణుడు ఎవరు, దుర్యోధనుడు ఎవరు, హార్మోనియం ఎవరు అని పేర్లు చూసి చుట్టుపక్కల పది ఊళ్ల నుంచి వచ్చే పద్యప్రియులు ఇప్పటికీ ఉన్నారు. కుర్చీలు ముందు రెండు వరసలు వాళ్లకి వదలండి.

ఫేడర్:
వేదిక కట్టేవాడికి ఈ రోజే చెప్పాల్సింది ఒకటి మిగిలింది. మే సాయంత్రాల్లో ఈదురుగాలి నోటీసు ఇచ్చి రాదు. వెనక ఫ్లెక్సీకి చంద్రవంక కోతలు పెట్టించండి, లేకపోతే అది తెరచాపలా వేదికని లాగుతుంది. స్పీకర్ల దొంతరకి నాలుగు వైపులా మేకులకి తాళ్లు. ఎల్ఈడీ తెర పెడితే దాని వెనక ఇసుక బస్తాలు. గాలి మొదలైతే ముందు జనాన్ని షామియానా కింద నుంచి బయటికి పంపి, తర్వాత కరెంటు మెయిన్ స్విచ్చు ఆపి, ఆ తర్వాతే మిక్సర్ మీద టార్పాలిన్ కప్పాలి. వరస తప్పకూడదు. మెయిన్ దగ్గర నిలబడే మనిషి ఎవరో ఆ రోజు పొద్దున్నే తేల్చండి. అతనికి ఆ రాత్రి వేరే పని ఏదీ చెప్పొద్దు.