అప్‌డేట్: లకోనిక్ అంటే తిట్టా, పొగడ్తా?

నా మెయిళ్ళు 'లకోనిక్'గా (laconic, అంటే చాలా తక్కువ మాటల్లో) ఉంటాయని మా టీమ్ లీడ్ రాశారని, అది మెచ్చుకోలో దెప్పుడో తేల్చమని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. ఆయన్నే అడిగేశాను, పొగడ్తేనట. "ఫైల్ చూశాను. మూడో పేజీ తప్పు." అన్న నా మెయిల్ ఆయనకు నచ్చిందట.

ఈ మాట లకోనియా నుంచి వచ్చిందని, అది స్పార్టా ఉన్న గ్రీకు ప్రాంతమని మీలో ఒకరు చెప్పాక ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన ముచ్చట ఒకటి దొరికింది. అలెగ్జాండర్ తండ్రి రెండో ఫిలిప్, "నేను లకోనియాలోకి వస్తే మిమ్మల్ని తుడిచిపెట్టేస్తా" అని కబురంపాడు. స్పార్టా వాళ్ళ జవాబు ఒకటే మాట: "వస్తే."

ఆ పొగరే ఈ మాటకి ప్రాణం అనిపిస్తుంది నాకు. అందుకే 'కర్ట్' (curt, దురుసుగా ముక్తసరిగా మాట్లాడటం) వేరు, ఇది వేరు. కర్ట్‌లో విసురు ఉంటుంది, లకోనిక్‌లో పొదుపు, చాలాసార్లు ఓ చురక. మనిషికీ, జవాబుకీ, శైలికీ వాడొచ్చు. త్వరగా ముగిసిన మీటింగ్‌ని మాత్రం లకోనిక్ అనరు, అది షార్టే. పూర్తి వ్యతిరేకం కావాలంటే 'వెర్బోస్' (verbose, అవసరానికి మించి మాటలు వాడే) ఉంది. మా ఆఫీసులో దానికి అర్హులు బోలెడుమంది.