ఫోర్క్‌లిఫ్ట్ ముందు టైర్లు: గాలివా, సాలిడ్‌వా?

చీమకుర్తి యార్డు:
మాది గ్రానైట్ యూనిట్ అండి. 3 టన్నుల డీజిల్ బండి, ముందు 28×9-15 గాలి టైర్లు. రాతిముక్కలు గుచ్చుకుని నెలకి రెండు పంచర్లు, లోడు ఫోర్కుల మీదుండగానే బండి ఒరిగిపోద్ది. సాలిడ్ (గాలి లేకుండా లోపలంతా రబ్బరే ఉండేవి) వేయిద్దామా? షెడ్డులో ఎపాక్సీ ఫ్లోర్, నల్ల మరకలు కూడా పడకూడదు.

ఫార్మా గోడౌన్:
మరకలు వద్దంటే తెల్ల టైర్లు, నాన్ మార్కింగ్. కానీ వాటిలో కార్బన్ బ్లాక్, అదే కరెంటుని పోనిచ్చే నల్ల పొడి, ఉండదు కదా, బండిలో పుట్టిన స్టాటిక్ కరెంటు కిందికి దిగదు. మా డ్రైవర్ ర్యాక్ ముట్టుకుంటే చాలు షాక్ కొట్టేది, నేలకి తగిలేలా ఎర్తింగ్ స్ట్రాప్ వేలాడదీశాకే తగ్గింది. పైగా తొందరగా అరుగుతాయి.

పాత మెకానిక్:
22 ఏళ్ల సర్వీస్ నాది. టైరు వల్ల షాకేంటి, మీ బండిలో వైరు ఎక్కడో బాడీకి తగిలుంటది, అది చూపించుకోండి.

ఫార్మా గోడౌన్:
వైరింగ్ మొత్తం విప్పి చూపించాకే చెప్తున్నా. ఇక్కడ సాల్వెంట్ డ్రమ్ములుంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. మీరు చూడనంత మాత్రాన లేదంటే ఎలా?

పాత మెకానిక్:
డ్రమ్ముల సంగతి ముందే చెప్పాల్సింది. అక్కడైతే స్ట్రాప్ ఉండాల్సిందే, కాదనను. కానీ నాకు పని రాదన్నట్టు మాట్లాడొద్దు.

బండి డ్రైవర్, పటాన్‌చెరు:
అందరు టైర్ల ఖర్చే చూస్తరు, మా నడుములు ఎవ్వలు చూస్తరు? సాలిడ్ ఏసినంక గుంతల పడ్డ ప్రతి దెబ్బ ఎన్నుపూసకే. ముందుగాల యార్డు సాపు చేయించుండ్రి, సీటు సస్పెన్షన్ మార్పియ్యిండ్రి.

వైజాగ్ గోడౌన్:
మా రీచ్ ట్రక్‌కి (ఎత్తు ర్యాకుల్లో సరుకు పెట్టే బండి) పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి చక్రాలు. నున్నటి ఫ్లోర్ మీద బ్రహ్మాండం, తడిలో జారతాయి, రాళ్లలోకి తీసుకెళ్తే ముక్కలు ముక్కలుగా ఊడొస్తాయి.

పాత మెకానిక్:
రాళ్లలో తిరిగే బండికి సాలిడ్ వేయించు తమ్ముడూ. కానీ దూరాలు వేగంగా తోలితే లోపల వేడెక్కి పగులుద్ది. సైడున 60జె గీత ఉంటది, అక్కడికి అరిగితే తీసేయాలి. ఇంకా బోలెడు రబ్బరుందని ఓనర్లు తిప్పుతానే ఉంటారు, నాకు అక్కడే మండుద్ది.

చీమకుర్తి యార్డు:
సరే అన్నా, యార్డు బండికి సాలిడే. షెడ్డులోకి దాన్ని రానివ్వను. పాతవి మేమే విప్పుకోవచ్చా?

పాత మెకానిక్:
మీది రెండు ముక్కల రిమ్ము అయితే వాల్వ్ పిన్ను పీకి గాలి మొత్తం పోయాకే బోల్టు మీద చెయ్యి వేయండి. గాలుండగా విప్పితే రిమ్ము ఎగిరి మొహానికి తగులుద్ది, నా కళ్ల ముందే ఒక కుర్రాడు పోయాడు. కొత్తవి హైడ్రాలిక్ ప్రెస్ ఉన్నచోటే ఎక్కించండి, సుత్తి పెట్టొద్దు.