మీడియా డిగ్రీ: పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? చేసినవాళ్లు చెప్పండి

ఇంకా_తేల్చుకోలేదు
అందరికీ నమస్కారం. కమ్యూనికేషన్ అండ్ మీడియా స్టడీస్‌లో సీటు వచ్చింది. మూడేళ్ల కోర్సు. ఫీజు కట్టడానికి ఇంకో మూడు వారాలు గడువుంది. ఇంట్లో వద్దనడం లేదు గానీ నాన్న రోజూ ఒకటే అడుగుతున్నారు, "చదివాక నెలకి ఎంతొస్తుంది?" అని. నా దగ్గర జవాబు లేదు. దయచేసి "ఆసక్తి ఉంటే చేరిపో" అని మాత్రం చెప్పకండి. ఆసక్తి ఉంది. నాకు తెలియాల్సింది డబ్బు సంగతే.

పాత_డెస్కు
పదకొండేళ్లు న్యూస్ డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేశాను. ఆరేళ్లుగా ఒక తయారీ కంపెనీలో ఉద్యోగులకు వెళ్లే సమాచారమంతా చూస్తున్నాను. డిగ్రీ అదే. పని కూడా దాదాపు అదే, ఎవరో గజిబిజిగా రాసింది నలుగురికీ అర్థమయ్యేలా తిరగరాయడం. జీతం మాత్రం మారిన నెలలోనే ఒకటిన్నర రెట్లయింది. నా ప్రతిభ ఏమీ పెరగలేదు. వార్తలు అమ్ముకుని బతికే సంస్థకి రాసేవాళ్ల జీతాలే పెద్ద ఖర్చు, కష్టం వస్తే ముందు కోత పడేది అక్కడే. ఇంకేదో అమ్ముకునే కంపెనీకి మన జీతం లెక్కలోకి కూడా రాదు.

పత్రికలు చాలావరకు ప్రకటనల డబ్బుతో నడిచేవి. క్లాసిఫైడ్స్ ముందు వెబ్‌సైట్లకి పోయాయి, మిగతా ప్రకటనల్లో పెద్ద వాటా గూగుల్, ఫేస్‌బుక్‌లకి పోయింది. నేను చేరినప్పుడు డెస్కులో ఇరవై మందిమి. మానేసే రోజుకి తొమ్మిది మందిమి. పేజీలు మాత్రం తగ్గలేదు!

మైకు_వెనక
పీఆర్‌లో ఉన్నాను, అంటే కంపెనీల తరఫున మీడియాతో, జనంతో వ్యవహరించే పని. అంకెలు అడిగారు కాబట్టి, అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2023 మే నెల లెక్కలు చూడండి. అక్కడ రిపోర్టర్ల మధ్యస్థ వార్షిక వేతనం 57,500 డాలర్లు, పీఆర్ స్పెషలిస్టులది 66,750, టెక్నికల్ రైటర్లది 80,050. దేశాన్ని బట్టి అంకెలు మారతాయి. నేను పనిచేసిన చోట్ల మాత్రం వరుస ఇలాగే ఉంది.

ఒక హెచ్చరిక. మధ్యస్థం అంటే సగం మందికి అంతకంటే తక్కువే వస్తుందని. అందులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు. దాన్ని మొదటి జీతం అనుకుని లోన్ తీసుకోవద్దు.

తిరిగొచ్చినవాడు
నా అనుభవం చేదుగా ఉంటుంది, ఏమనుకోకండి. మూడేళ్లు చదివి, నాలుగేళ్లు ఒక ఛానెల్‌లో చేసి వదిలేశాను. జీతం రెండు నెలలకోసారి వచ్చేది, అది కూడా గుర్తు చేస్తేనే. తర్వాత తట్టింది. డాక్టరు కావాలంటే లైసెన్సు కావాలి, లాయరుకీ కావాలి. చాలా దేశాల్లో వార్త రాయడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. అలా ఉండడమే మంచిది, లేకపోతే ఎవరు రాయాలో ప్రభుత్వమే చెబుతుంది. కానీ గేటు లేని చోట జనం ఎక్కువ, జనం ఎక్కువైన చోట జీతం తక్కువ. పక్క సీటులో సాహిత్యం చదివినవాడు, ఎదురుగా ఇంజినీరింగ్ మధ్యలో మానేసినవాడు, ముగ్గురికీ ఒకే జీతం. మరి నేను ఫీజు కట్టింది దేనికి?

పాత_డెస్కు
@తిరిగొచ్చినవాడు గారూ, ఇప్పుడేం చేస్తున్నారు?

తిరిగొచ్చినవాడు
బీమా ఏజెంట్లకి శిక్షణ ఇస్తున్నాను. మీరు ఎటు వస్తున్నారో అర్థమైందిలెండి. అవును, నలుగురి ముందు మాట్లాడడం కాలేజీలోనే నేర్చుకున్నాను. దానికి మూడేళ్ల ఫీజు ఎక్కువే అని ఇప్పటికీ అంటాను.

కత్తెర_పని
ఫ్రీలాన్స్ వీడియో ఎడిటర్‌ని. మా లైన్‌లో డిగ్రీ చూపించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. షోరీల్ (చేసిన పనుల ముక్కలతో చిన్న వీడియో) పంపమంటారు, అంతే. అందుకని డిగ్రీ దండగ అని చాలాకాలం అందరికీ చెప్పేవాణ్ని. ఒకసారి పాత ఇన్‌వాయిస్‌లు తిరగేస్తుంటే కనబడింది, నా మొదటి ముగ్గురు క్లయింట్లూ మా కాలేజీ సీనియర్లే. అంటే కట్టిన ఫీజుకి నాకు దక్కింది ఆ పరిచయాలే. సిలబస్ అయితే సగం పైగా మర్చిపోయాను.

ఫ్రీలాన్స్ రోజు రేటు చూసి మోసపోకండి. నెలలో డబ్బొచ్చే పని పన్నెండు రోజులుంటే గొప్ప. మిగతా రోజులు కరెక్షన్లు, ఫాలోఅప్‌లు, కొత్త పని కోసం తిరగడం. సాఫ్ట్‌వేర్ చందా, హార్డ్ డిస్కులు, రెండు మూడేళ్లకోసారి కొత్త సిస్టమ్, అన్నీ మన జేబులోంచే. పేమెంట్ 90 రోజులకి వస్తే సంతోషించాలి. ఒక క్లయింట్ అయితే పదకొండు వీడియోలు చేయించుకుని ఆఫీసే ఎత్తేశాడు. అప్పటినుంచి సగం అడ్వాన్స్ లేనిదే టైమ్‌లైన్ తెరవను.

మాన్యువల్_మనిషి
టెక్నికల్ రైటర్‌ని. పైన అంకె చూసి ఇటు వచ్చేవాళ్లకి: ఇది కథలు రాసే పని కాదు. ఒక సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో ఇంజినీర్ నోట కక్కించి, వాడేవాళ్లకి తెలిసేలా రాయాలి. మీడియా డిగ్రీలో ఇంటర్వ్యూ చేయడం నేర్పారు చూశారా, అదే నాకు అన్నం పెడుతోంది. కోడ్ చదవడం మాత్రం ఆరు నెలలు రాత్రిళ్లు కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. జీతంలో తేడా తెచ్చింది ఆ ఆరు నెలలే.

ఇంకో నిజం కూడా చెప్పాలి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మా టీమ్‌లో మొదటి డ్రాఫ్ట్ ఎవరూ చేత్తో రాయడం లేదు. అది రాసింది తప్పో ఒప్పో చూడ్డానికి మనిషి కావాలి, అందుకే నా ఉద్యోగం ఉంది. కానీ గత రెండేళ్లలో మేము ఒక్క ఫ్రెషర్‌ని కూడా తీసుకోలేదు. మొదటి మెట్టే కనబడకపోతే పైకి ఎలా వస్తారో నాకూ తెలియదు.

ఖాతా_పుస్తకం
నేను ఈ ఫీల్డ్ కాదు, అకౌంటెంట్‌ని. మా అమ్మాయి ఇదే చదివింది కాబట్టి లెక్క చెబుతాను. ఖర్చంటే ఫీజొక్కటే అనుకుంటారు. ఫీజు, హాస్టల్, ల్యాప్‌టాప్, కెమెరా, ఆ మూడేళ్లు ఏదైనా పని చేసుంటే వచ్చే జీతం, ఇవన్నీ కలపాలి. వచ్చిన మొత్తాన్ని డబ్బులో కాకుండా, అది ఎన్ని నెలల మొదటి జీతానికి సమానమో చూడండి. మా అమ్మాయికి 31 నెలలు వచ్చింది. పక్కింటి అబ్బాయి ఖరీదైన ప్రైవేటు కాలేజీలో ఇదే డిగ్రీ చేశాడు, అతనికి 70 దాటింది. ఇద్దరి మొదటి జీతాలకీ పెద్ద తేడా లేదు. ఈ డిగ్రీ విలువ ఎంత అని అడిగేముందు ఎంతకి కొంటున్నారో చూసుకోవాలి.

అమ్మాయి రెండో ఏడాది నుంచి స్టాటిస్టిక్స్ పట్టుకుంది. ఇప్పుడు ప్రకటనల ఖర్చుకి ఫలితం ఎంతొచ్చిందో కొలిచే పనిలో ఉంది. క్లాసులో అందరూ కెమెరా ముందుకు పరిగెడుతుంటే ఇది ఎక్సెల్ ముందు కూర్చుందని నవ్వారట.

మైకు_వెనక
ఇంటర్న్‌షిప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు ఈ రంగంలో మామూలు. అమెరికాలో ఫాక్స్ సర్చ్‌లైట్ అనే సినిమా కంపెనీ మీద ఇంటర్న్‌లు 2011లో కేసు వేస్తే, 2013లో న్యూయార్క్ జిల్లా కోర్టు వాళ్లని ఉద్యోగులుగానే చూడాలంది. 2015లో అప్పీలు కోర్టు ఆ తీర్పు పక్కన పెట్టి, ఇంటర్న్‌షిప్ వల్ల ఎక్కువ లాభం ఎవరికి అన్నది చూడాలంది. నేను ఎనిమిది నెలలు ఊరికే చేశాను. ఇల్లు గడిచే దారి ఉంది కాబట్టి చేయగలిగాను. నాకంటే బాగా రాసే స్నేహితురాలు మూడో నెలలో మానేసి దుకాణంలో చేరింది. ఆ ఎనిమిది నెలలు కూడా ఖర్చులో వేసుకోండి, ఖాతా గారూ.

ఖాతా_పుస్తకం
వేసుకోవాల్సిందే. మా అమ్మాయి జీతం లేకుండా చేసిన నెలలు కూడా కలిపితే 31 కాదు, 35.

ఇంకా_తేల్చుకోలేదు
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న కాలేజీకి ఫోన్ చేసి మూడు అడిగాను. పోయిన బ్యాచ్‌లో ఎంతమందికి జీతంతో ఉద్యోగం వచ్చింది, ఆ జీతాల మధ్యస్థం ఎంత, ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారా అని. "అత్యధిక ప్యాకేజీ" వెంటనే చెప్పారు. మధ్యస్థం అంటే ఏమిటని తిరిగి నన్నే అడిగారు. మిగతావి మెయిల్ చేస్తామన్నారు.

తిరిగొచ్చినవాడు
ఆ మెయిల్ రాదు. నేరుగా పాస్ అయినవాళ్లని పట్టుకోండి. టాపర్లు వద్దు, మధ్యలో ఉన్నవాళ్లని.

ఇంకా_తేల్చుకోలేదు
ఐదుగురు దొరికారు. ఇద్దరు పీఆర్ ఏజెన్సీల్లో, ఒకరు యాప్‌లకి రాస్తున్నారు, ఒకరు పీజీలో చేరారు, ఒకరు ఇంకా వెతుకుతున్నారు. అదే కోర్సు తక్కువ ఫీజుతో ఉన్న ప్రభుత్వ కాలేజీలో రెండో విడత సీట్లున్నాయని వాళ్లే చెప్పారు, దరఖాస్తు పెట్టాను. నాన్న ఈ థ్రెడ్ మొత్తం చదివారు. నెలకి ఎంతొస్తుందని అడగడం మానేసి, సిలబస్ ప్రింటు తీసుకుని స్టాటిస్టిక్స్ ఏ సెమిస్టర్‌లో ఉందో వెతుకుతున్నారు. ఇంకా దొరకలేదు.